గృహస్థుని నిల్వ: ఒక ధర్మసంశయము

గృహస్థుడు రేపటికై ధాన్యము దాచుకొనుట ధర్మమా, అధర్మమా? ఈ ప్రశ్నను పాఠశాలలో పిల్లలనడిగినచో చీమ కథ చెప్పుదురు. చీమ వానలకు ముందే గింజలు చేర్చుకొనును గనుక దాచుట బుద్ధిమంతుల లక్షణమని వారి సమాధానము. ఇదే ప్రశ్నను పెద్దలనడిగినచో తేనెటీగ కథ వినవచ్చును. ఈగ కూర్చిన తేనె పరులపాలగును గనుక కూడబెట్టుట అవివేకమని దాని తాత్పర్యము. తెలుగు ఉపాధ్యాయుడనగుటచే ఈ రెండు కథలను ఏండ్ల తరబడి నేనే తరగతి గదులలో చెప్పుచు వచ్చితిని. ఒక కథ రెండవ కథను ఖండించుచున్నదన్న మాట నాకు ఏనాడును తోచలేదు. 2020వ సంవత్సరపు వేసవిలో, కరోనా వ్యాధిభయముచే కుటుంబమంతయు గడప దాటక ఇంట కూర్చుండిన కాలమున, ఆ రెండు కథలును మా వంటయింటి మూలలో ఎదురుబదురుగా నిలిచినవి. ఆనాటి మా ఇంటి ముచ్చటను ఆధారముగా గైకొని ఈ సంశయమును పాఠకమహాశయుల ముందుంచుచున్నాను.

మాది కామారెడ్డి ప్రాంతమున 44వ జాతీయ రహదారికి చేరువనున్న గ్రామము. ఇంట ఐదుగురము: మా తల్లి, నేను, నా భార్య, హైదరాబాదున ఇంజనీరింగు చదువుచుండిన కుమారుడు, ఇంటర్మీడియట్ చదువుచుండిన కుమార్తె. ఆ మార్చి మాసము నడుమ రాష్ట్రమున విద్యాసంస్థలన్నియు మూతబడగా, కుమారుడు పెట్టె సర్దుకొని ఇల్లు చేరెను. మార్చి 22వ తేదీ ఆదివారము జనతా కర్ఫ్యూ జరిగినది. సాయంత్రము ఐదు గంటలకు అందరితో బాటు మేమును వాకిట నిలిచి పళ్ళెములు మ్రోగించితిమి. ఆ సాయంత్రమే మన రాష్ట్రమున లాక్‌డౌన్ ప్రకటింపబడెను. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారగనే లింగపూజను సైతము తొందరగా ముగించి కిరాణా దుకాణమునకు పరుగెత్తితిని.

మా ఐదుగురికి నెలకు 40 కిలోల బియ్యము, 3 కిలోల కందిపప్పు చాలును. ఈ లెక్క నాకు తెలియనిది కాదు. అయినను ఆ ఉదయము 25 కిలోల బియ్యపు సంచులు ఐదు తీయించితిని. కందిపప్పు 10 కిలోలు తూచుమంటిని. డబ్బా అడుగున మిగిలిన కొద్దిపాటి పప్పును కూడ ఊడ్చి పోయించుకొంటిని. నూనె, చక్కెర, సబ్బులు సరేసరి. సొమ్ము లెక్కించి ఇచ్చుచుండగా వెనుకనుండి "నమస్తే సార్" అని వినబడెను. తిరిగి చూతును గదా, పూర్వము నాయొద్ద పదవ తరగతి చదివిన పిల్లవాడు. ఇప్పుడు తాపీమేస్త్రీ వెంట కూలికి పోవుచున్నాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. అతడు అరకిలో కందిపప్పు అడిగెను. దుకాణదారుడు నావైపు ఒకమారు చూచి, "ఐపోయింది, నాలుగు రోజులాగు" అనెను.

నేనేమియు అనలేదు. అనవలసిన మాట ఒకటున్నదని ఆ క్షణమున నాకు తెలియును, అయినను అనలేదు. అతడు మాత్రము, "పర్వా లేదు సార్" అని, నా సంచులను తానే ఎత్తి తోపుడుబండిపై వేసి, మా ఇంటి వాకిలి వరకు త్రోసికొని వచ్చెను. ఇరువది రూపాయలు ఇవ్వబోగా, "మీ దగ్గర తీసుకుంటనా సార్" అని వెళ్ళిపోయెను.

మా అమ్మ ఆ సంచులను చూచి, "ఏం కొడుకా, ఇంట్ల పెండ్లి పెట్టుకున్నవా?" అని అడిగెను. నా భార్య నవ్వలేదు. ఎక్కడ పెట్టవలెనని మాత్రము అడిగెను. రెండు సంచులు మంచము క్రిందికి, మూడు వంటయింటి మూలకు చేరినవి.

మరునాటి రాత్రి దేశమంతట 21 దినముల లాక్‌డౌన్ ప్రకటింపబడెను. దాని మొదటి దినము మార్చి 25, శార్వరి నామ సంవత్సరపు ఉగాది. పచ్చడి పంచుకొనుచు నా దూరదృష్టిని నేనే పొగడుకొంటిని. మాసాంతమున ప్రభుత్వోద్యోగులకు సగము జీతమే ఇత్తురన్న ఉత్తర్వు వెలువడినప్పుడు ఆ పొగడ్త మరికొంత పెరిగినది. "చూచితిరా, సంచులు లేకున్న ఏమగుచుండెనో" అంటిని. భయము నిజమైనప్పుడు భయపడినవానికి కలుగు సంతోషము ఒకటున్నది. అది మంచి సంతోషము కాదు.

ఆ దినములలో మా ఇల్లు ఎన్నడును లేనంత నిండుగా ఉండెనన్నది మాత్రము సత్యము. మామూలు రోజులలో ఒకరు పూజ ముగించునప్పటికి మరియొకరు బస్సు కొరకు పరుగెత్తుచుందురు. ఆ వేసవిలో ఐదుగురమును ఒకేచోట కూర్చుండి లింగపూజ చేసికొంటిమి. దూరదర్శనమున మరల వేసిన రామాయణమును మా అమ్మ రెండు పూటలు చూచుచుండెను. కుమారుడు చరవాణి తెరపై పాఠములు వినుచు నడుమ కునుకు తీయుచుండెను. రాత్రులు డాబాపై చాపలు పరచుకొని పండుకొన్నప్పుడు రహదారిపై లారీల మ్రోత లేకపోవుటచే, దూరపు చెరువున కప్పల అరుపులు కూడ వినవచ్చెడివి. ఇంట్లో పాత్రలు తోము మనిషిని రావద్దంటిమి. నా భార్య పట్టుబట్టి ఆమెకు నెల జీతము పూర్తిగా పంపెను. పాత్రలను మాత్రము తానే తోముకొనెను. అందరికిని దొరికిన విశ్రాంతి ఆమెకు దొరకలేదు. అది వేరొక సంశయము. దానికి వేరొక వ్యాసమే కావలెను.

ఏప్రిల్ 26వ తేదీ బసవ జయంతి. ప్రతి సంవత్సరము ఆ దినమున నేను ఎక్కడనో ఒకచోట ఉపన్యసించుట వాడుక. ఆ ఏడు సభలు లేవు. కుమార్తె ప్రోద్బలముచే ఇంటివారికే చెప్పుటకు పూనుకొంటిని. అలవాటైన కథ ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులది. బసవన్ననాటి కల్యాణమున, మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన రోజుకంటె ఎక్కువ బియ్యము మూటగట్టి తెచ్చెను. లక్కమ్మ మూట విప్పకముందే హెచ్చు గమనించి, ఈ ఆశ మనకేల అని నిలదీసి, అధికమైన బియ్యమును వచ్చినచోటికే తిరిగి పంపెను. ఇంతవరకు చెప్పునప్పటికి నా గొంతు కొంచెము తగ్గినది. నేను కూర్చున్న పీటకు వెనుకనే మూడు సంచులున్నవి. నా భార్య వాటివైపు చూడలేదు. చూచిన బాగుండెడిది.

కుమార్తె ఒక ప్రశ్న వేసెను. "నాన్నా, మారయ్య దొంగతనం చేయలేదు కదా. అవి రాలిన గింజలే కదా, ఎవరివీ కావు. మరి లక్కమ్మ ఎందుకు తిప్పి పంపింది?"

లోభము కూడదని చెప్పుటకని నేను ఉపన్యాసపు ధోరణిలో మొదలుపెట్టితిని. మా అమ్మ ఆపెను. "ఏరుకునేటోడు ఈయన ఒక్కడేనా బిడ్డా? ఇంకొకలుంటరు. పిట్టలుంటయి" అనెను.

నేను చదివిన ఏ పుస్తకమునను ఆ కథకు ఈ వ్యాఖ్య కనబడలేదు. మా అమ్మ మూడవ తరగతి దాటలేదు. కాని ఆ ఒక్క మాటతో నా ప్రశ్న రూపమే మారిపోయినది. కూడబెట్టుటను గూర్చి మనము మాటాడునప్పుడు సాధారణముగా అపరిగ్రహమును పేర్కొందుము. పతంజలి చెప్పిన ఐదు యమములలో అది ఐదవది. అవసరమునకు మించి స్వీకరింపకుండుట దాని అర్థము. అది నా మనస్సునకు సంబంధించినది. నా ఆశ ఎంత, నా తృప్తి ఎంత అన్నదే అచ్చట విచారణ. దానికి ముందే, మూడవదిగా, అస్తేయము ఉన్నది. పరులది తీసికొనకుండుట. అది ఎదుటివానికి సంబంధించినది. మార్చి 23వ తేదీ ఉదయము నేను భంగపరచినది అపరిగ్రహమనియే అంతవరకు అనుకొంటిని. మా అమ్మ మాట విన్న పిమ్మట, అది అస్తేయమేమోనన్న అనుమానము కలిగినది.

సొమ్మిచ్చి కొన్నది దొంగతనమెట్లగునని అడుగవచ్చును. కుమారుడు అడిగెను కూడ. అతని వాదము బలహీనమైనది కాదు. దేశమున తిండికి కొరత లేదు. ఆ ఏప్రిల్ నాటికి ప్రభుత్వ గిడ్డంగులలో 5 కోట్ల టన్నులకు మించి బియ్యము, గోధుమలు ఉన్నవి. మన పల్లెలలో యాసంగి వడ్లు కోతకు వచ్చి, ఊరూర కొనుగోలు కేంద్రములు తెరచి ఉన్నవి. దుకాణమున పప్పు అయిపోయినచో నాలుగు దినములకు మరల వచ్చును. పైగా, ఇంట నిల్వ ఉన్నవాడు మాటిమాటికి అంగడికి పోడు, గుంపులో చేరడు, వ్యాధిని మోసికొని రాడు. కావున నిల్వయే ఆ వేసవిలో పౌరధర్మమని అతడు తేల్చెను.

ఇందులో సగము నేను ఒప్పుకొందును. ముసలితల్లి గల ఇంట మూడు వారములకు చాలినంత బియ్యము ఉంచుకొనకపోవుట వైరాగ్యము కాదు, బాధ్యతారాహిత్యము. లక్కమ్మకు ఆ దినమునకు కావలసిన బియ్యమే చాలినది. కాని ఆమెకు ఇల్లు కదలవద్దన్న ఆజ్ఞ లేదు. ఇంట ఉండుమన్న మాటను పాటింపవలెనన్న, మొదట ఇంట తిండి ఉండవలెను. ఇచ్చటనే అసలు చిక్కున్నది. ఆ వేసవిలో "ఇంటనే ఉండుడు" అన్న ఉపదేశమును మేము ఎంత శ్రద్ధతో పాటించితిమో, ఆ శ్రద్ధకు మూలము మా సద్గుణము కాదు, మా సంచులు. నా శిష్యునికి ఏనాటి కూలి ఆనాటిదే. అతడు అరకిలో పప్పు కొనుట మితాహారమును పాటించి కాదు; జేబులో అంతకు మించి లేక. నాలుగు దినములన్న గడువు నా ఇంట ఒక పొడవు, అతని ఇంట మరియొక పొడవు. ప్రభుత్వము ఆహారభద్రత కార్డులవారికి మనిషికి 12 కిలోల బియ్యము, కుటుంబమునకు 1500 రూపాయలు ఇచ్చినది. అది ఏప్రిల్ మాసమున వచ్చినది. ఆ మార్చి నెల కడపటి వారమున అతని బిడ్డలు ఏమి తినిరో నేను విచారింపలేదు.

దేశమున ధాన్యముండియు ఇంట తిండి లేకపోవుట మనకు క్రొత్త కాదు. 1943లో వంగదేశమున లక్షలమంది ఆకలిచే మరణించిరి. అమర్త్య సేన్ 1981లో ప్రకటించిన గ్రంథమున, ఆ క్షామమునకు పంట తగ్గుటకంటె, బీదలకు ధాన్యమును పొందు శక్తి లేకపోవుటయే ముఖ్యకారణమని వాదించెను. భయముచేతను, లాభాపేక్షచేతను ధాన్యమును దాచుటచే ధర మరింత పెరిగినదనియు చూపెను. మా ఊరి దుకాణపు సంగతిని అంతటి ఘోరముతో పోల్చుట నా ఉద్దేశము కాదు. కాని దాచినవారిలో పెక్కుమంది దుర్మార్గులు కారని, నావలెనే నిద్ర పట్టనివారని మాత్రము తోచుచున్నది.

అయినచో ప్రతి నిల్వయు దోషమేనా? మే మాసమున మా ఇంట మామిడికాయ తొక్కు పెట్టినారు. ఏడాదికి సరిపడునంత. డాబాపై వడియములు ఎండినవి. అప్పుడు నా మనస్సున ఏ జంకును కలుగలేదు. ఎందుకని ఆలోచించితిని. పూర్వము మన ఇండ్లలో గుమ్ములుండెడివి, పాతరలుండెడివి. వాటిని ఎవరును తప్పుపట్టలేదు. పంట చేతికి వచ్చినప్పుడు, అందరియొద్ద ఉన్నప్పుడు, రైతు కొనువారి కొరకు ఎదురుచూచునప్పుడు తీసి పెట్టుకొన్నది సమృద్ధినుండి తీసినది. దానివలన ఎవని వంతును తగ్గదు. రైతు చేతిలో నాలుగు రూపాయలు పడును. డబ్బా అడుగున ఊడ్చి తెచ్చుకొన్నది కొరతనుండి తీసినది. దాని ప్రతి గింజకును వెనుక ఒకడు నిలిచియున్నాడు. పరిమాణము రెండింటను ఒకటే కావచ్చును. ధర్మము ఒకటి కాదు. మఠముల గాదెలను గూర్చియు ఈ మాట చెప్పవచ్చును. దాసోహమునకై నింపిన గాదె బయటికి పోవుటకే నిండినది. నా సంచులు లోపలికి వచ్చుటకే వచ్చినవి.

లోపలికి వచ్చినవి లోపల ఊరక ఉండలేదు. మే రెండవ వారమున మంచము క్రింది సంచులకు పురుగు పట్టినది. వేపాకు వేయుట మరచితిమి. మండుటెండలో మా అమ్మ, నా భార్య డాబాపై దుప్పట్లు పరచి, బియ్యము పోసి, చేటలతో చెరిగి, జల్లించి రెండు దినములు కష్టపడిరి. నిల్వ చేసిన కీర్తి నాది. దానిని కాపాడిన చాకిరి వారిది. ఏ శాస్త్రమునను ఈ లెక్క వ్రాసినట్లు లేదు.

ఆ వారములోనే రహదారిపై కూలీలు నడచిపోవుట మొదలైనది. మే 1వ తేదీన లింగంపల్లి నుండి ఝార్ఖండ్‌లోని హటియాకు కూలీల కొరకు మొదటి రైలు కదలినది. కాని రైలులో చోటు దొరకనివారు, దొరకునని నమ్మలేనివారు, హైదరాబాదునుండి నాగపూరు దిక్కుగా 44వ రహదారి వెంట కాలినడకనే బయలుదేరిరి. నెత్తిన మూట, చంకన పిల్ల, కాలికి తెగిన చెప్పు. మా ఊరివారు కొందరు చెట్టు క్రింద పొయ్యి పెట్టి అన్నము వండి పెట్టుచుండిరి. మేమును బియ్యము పంపుదమని నేనే అంటిని. జల్లించిన సంచిని పంపుదమంటిని. ఎట్లును అది నిలువ ఉండదు గదా. నా భార్య ఒప్పుకొనలేదు. మూలనున్న పురుగు పట్టని సంచిని తీయించి, "మనం తెచ్చుకున్న పురుగు మనమే తినాలె" అనెను. ఆగష్టు వరకు మేము ఆ బియ్యమునే తింటిమి.

చెట్టు క్రింద వడ్డించి వచ్చిన సాయంత్రము నా మనస్సు తేలికపడినది. దానము చేసితినన్న తృప్తి. ఇంత మందికి పెట్టితిమని అమ్మతో చెప్పితిని. ఆమె నడుము వాల్చుకొనుచు, "ఇచ్చినమనకు కొడుకా. తిరిగిచ్చినం" అనెను. లక్కమ్మ కథ ఆమె మనస్సున ఇంకను మెదలుచుండెనో, లేక తన మాటగానే అనెనో అడుగలేదు.

తిరిగి ఇచ్చుట అన్నచో ఎవరిది వారికి ఇవ్వవలెను. రహదారిపై పోవు బాటసారి నా డబ్బా అడుగు పప్పునకు హక్కుదారు కాడు. మరునాడు 3 కిలోల కందిపప్పును మూడు పొట్లములు కట్టి, సైకిలుపై నా శిష్యుని ఇంటికి వెళ్ళితిని. పని లేక అతడు ఇంటనే ఉండెను. మంచము వాల్చి, ఆమడదూరము కాకున్నను ఆరడుగుల దూరమున తాను నిలిచెను. నేను వచ్చిన పని చెప్పితిని. ఆనాడు దుకాణమున జరిగినదంతయు ఏకరువు పెట్టితిని. అతడు కొంతసేపు ఆలోచించి, "ఏ పప్పు సార్?" అని అడిగెను. అతనికి ఆ సంగతియే జ్ఞాపకము లేదు. నా సంచులు మోసినది మాత్రము జ్ఞాపకమున్నది. లేదనిపించుకొనుట అతనికి ఎన్నిమారులు జరిగినదో, వానిలో నాది ఒకటి.

క్షమాపణకు పోయినవానికి, క్షమించువాడు తప్పునే ఎరుగకపోవుటకంటె ఇబ్బంది మరియొకటి ఉండదని ఆనాడు తెలిసినది. ఇంతలో అతని భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి అరుగుపై పెట్టెను. ఆ దినములలో పరుల ఇంట నీళ్ళు త్రాగుటకు అందరును జంకుచుండిరి, నేనును జంకితిని. పిదప త్రాగితిని. ఆమె ఒక పొట్లము తీసికొని, తక్కిన రెండును నావైపు జరిపి, "మాకు ఇది నెలకొస్తది సార్. ఇంకెవలకన్న ఇయ్యుండ్రి" అనెను. ఎంత చెప్పినను వినలేదు.

ఆ రెండు పొట్లములను సంచిలో వేసికొని తిరిగి వచ్చితిని. ఒకటి మా ఇంట పాత్రలు తోము మనిషి ఇంటికి చేరినది. రెండవదానిని ఎవరికి ఇవ్వవలెనో నిర్ణయింపక అలమరలో పెట్టితిమి. జూన్ మాసమున చూచునప్పటికి పుచ్చియుండెను.